సగటు వేగం దాచిపెట్టే ఎనిమిది సెకన్లు

జిరాక్స్ సంస్థ వారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసిన మార్క్ వైజర్, కంప్యూటర్లు పరిసరాల్లో కలిసిపోయి మనిషి దృష్టిలో పడకుండా పనిచేయాలని 1991లో రాశారు. సర్వవ్యాప్త కంప్యూటింగ్‌కు మూలమైన ఆ ఆలోచనను ఫోన్‌లో చూసే వీడియోకు వర్తింపజేస్తే, చూస్తున్నంతసేపూ నెట్‌వర్క్ ఒకటి ఉందన్న సంగతే గుర్తుకు రాకూడదు. చిక్కంతా దాన్ని కొలవడంలోనే ఉంది.

సెకనుకు 2 మెగాబిట్లు చాలిన వీడియోను చూస్తూ ఒకరు మెట్లు దిగుతున్నారనుకుందాం. బలహీనపడిన వైఫైని ఫోన్ వెంటనే వదలదు. మొబైల్ నెట్‌వర్క్‌కు మారేలోపు 20 సెకన్లు డేటా రాలేదు. ప్లేయర్ ముందుగా తెచ్చి దాచుకున్నది 12 సెకన్ల వీడియోయే కాబట్టి, మిగిలిన 8 సెకన్లూ తెరపై చక్రం తిరుగుతూ ఉంటుంది. అయినా పది నిమిషాల సగటు వేగం 4 మెగాబిట్లుగా తేలవచ్చు, నివేదికలో ఏ లోపమూ కనిపించకపోవచ్చు. అందుకే వేగం కంటే ముందు, వీడియో మొదలవడానికి పట్టిన సమయాన్నీ, ఎన్నిసార్లు, ఎంతసేపు ఆగిందన్నదాన్నీ చూడాలని నా అభిప్రాయం.

ఈ ఆటంకాలను తగ్గించడానికే వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను పలు నాణ్యతల్లో సర్వర్‌లో ఉంచుతారు. తర్వాతి ముక్కను ఏ నాణ్యతలో అడగాలో ప్లేయరే తేల్చుకుంటుంది. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో ప్రమాణంగా వెలువడిన డాష్ ఈ పద్ధతివే. ముక్క పెద్దదైతే మారిన వేగానికి స్పందించడం ఆలస్యమవుతుంది, మరీ చిన్నదైతే సర్వర్‌ను అడగడమే పెద్ద పనవుతుంది.

ఇక బొమ్మ నాణ్యతకు మనుషులు 1 నుంచి 5 వరకు ఇచ్చే మార్కుల సగటు పాత కొలమానం. అది ఖర్చుతో కూడిన పని కనుక మనుషులు ఇచ్చే మార్కును కంప్యూటరే అంచనా వేసే లెక్కలు వచ్చాయి, నెట్‌ఫ్లిక్స్ 2016లో విడుదల చేసిన వీమాఫ్ అలాంటిదే. అయితే పెద్ద తెరపై కొట్టొచ్చినట్టు కనబడే మసక, చిన్న తెరపై కంటికి ఆనదు. ఎండలో నిలబడి చూసేవారికైతే అసలే తెలియదు (ప్రయోగశాల గదిలో ఎండ ఉండదు కదా).

బ్యాటరీ లెక్క వేరు. డేటా అందాక కూడా ఫోన్‌లోని రేడియో కొద్ది సెకన్లు మేలుకునే ఉంటుంది గనుక, వీడియోను కొంచెం కొంచెంగా తెచ్చుకోవడం కంటే ఒక్కసారిగా తెచ్చుకుంటే ఛార్జింగ్ ఆదా అవుతుంది. కానీ చూసేవారు మధ్యలోనే ఆపేస్తే, అలా తెచ్చుకున్న డేటా అంతా వృథా.