తక్కువ తాగే ఇంజిన్లు షెడ్డుకెందుకు చేరాయి?

2023 మే 2న విమానయాన సంస్థ గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసింది. మర్నాటి నుంచే విమానాలు ఆగిపోయాయి. వేసవి సెలవులకు టికెట్లు కొనుక్కున్నవాళ్లు రిఫండ్ల కోసం పడిగాపులు పడ్డారు. తమ ఎయిర్‌బస్ ఏ320నియో విమానాల్లో దాదాపు సగం నేలమీదే ఉండిపోవడానికి ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లే కారణమని గో ఫస్ట్ చెప్పింది. ఆ మాటలో పస లేదని ప్రాట్ కొట్టిపారేసింది. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఏడాది తిరిగేసరికి ఇండిగోలోనూ 70కి పైగా విమానాలు నిలిచిపోయాయి. ఇవేమీ పాతబడి అరిగిపోయిన ఇంజిన్లు కావు. మునుపటి తరంకన్నా ఇంధనం 15 శాతం తక్కువ తాగుతాయని, చప్పుడు బాగా తక్కువని చెప్పి అమ్మిన సరికొత్త రకం.

తొలి జెట్ ఇంజిన్లు లోపలికి పీల్చిన గాలినంతా మంట దగ్గరికే పంపి, వెనక నుంచి సన్నని ధారగా విపరీతమైన వేగంతో వదిలేవి. 1958లో బోయింగ్ 707 న్యూయార్క్‌లో దిగే నాటికి అక్కడి విమానాశ్రయాలు నడిపే పోర్ట్ అథారిటీ చప్పుడుకు హద్దు గీసింది. దాంతో ఇంజిన్ వెనక ఒక్క గొట్టం ఉండాల్సిన చోట 21 చిన్న గొట్టాలు బిగించారు. మోత కాస్త తగ్గింది, దానికి ఇంధనంతో మూల్యం కట్టారు.

అసలు దారి ఏమిటో బ్రిటన్ గణితవేత్త జేమ్స్ లైట్‌హిల్ 1952లోనే లెక్క కట్టి ఉన్నాడు. జెట్ ధార చేసే చప్పుడు దాని వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతుంది. వేగం సగానికి తగ్గితే ఆ ధ్వని శక్తి 256వ వంతుకు పడిపోతుంది. మరి థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకు నెట్టే బలం, తగ్గకూడదు కదా? అందుకని ఎక్కువ గాలిని తీసుకుని నెమ్మదిగా వెనక్కి నెట్టాలి. ఇంధనం లెక్క కూడా ఇదే చెబుతుంది. కొంచెం గాలిని వేగంగా విసరడం కన్నా ఎక్కువ గాలిని నిదానంగా తోయడానికి అయ్యే శక్తి తక్కువ. చప్పుడు తగ్గించడం, ఇంధనం మిగల్చడం ఒకే పనిగా కలిసిరావడం ఈ రంగానికి దక్కిన అదృష్టం.

అలా ఇంజిన్ ముందు ఫ్యాన్ వచ్చింది. అది తోసే గాలిలో ఎక్కువ భాగం మంట జోలికి పోకుండా పక్కనుంచే వెనక్కి వెళ్తుంది. దాన్నే బైపాస్ అంటారు. 1960లో ఎయిర్ ఇండియాకు వచ్చిన 707లకు ఉన్నవి రోల్స్‌రాయిస్ కాన్వే ఇంజిన్లు. మంటలోకి వెళ్లే గాలికి పక్కనుంచి వెళ్లే గాలి ఎన్ని రెట్లో చెప్పే బైపాస్ నిష్పత్తి వాటిలో 0.3 మాత్రమే. 1970లో జంబో జెట్ వచ్చేసరికి అది 5 అయింది. నేటి ఏ320నియో ఇంజిన్లలో 11, 12.

ఈ మెట్లు ఎక్కేటప్పుడు కంపెనీలే కుదేలైన సందర్భాలూ ఉన్నాయి. రోల్స్‌రాయిస్ తన ఆర్‌బీ211 ఇంజిన్ కోసం తేలికపాటి కార్బన్ ఫైబర్ ఫ్యాన్ బ్లేడ్లు చేసింది. పక్షి తగిలితే ఏమవుతుందో చూద్దామని 1970లో కోడిని దాని మీదికి వేగంగా విసిరి పరీక్షిస్తే బ్లేడు ముక్కలైంది. టైటానియానికి మారారు, అప్పటికే ఖర్చు చేయి దాటింది. 1971 ఫిబ్రవరి 4న అంతటి సంస్థా దివాలా తీసింది. బ్రిటన్ ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది.

1973 చమురు సంక్షోభం తర్వాత నాసా డబ్బు పెట్టి పొదుపు ఇంజిన్ల పరిశోధనను నడిపించింది. అందులోంచే జీఈ కంపెనీ చుట్టూ కవచమే లేని ఫ్యాన్‌తో ఒక ఇంజిన్ చేసి 1986లో బోయింగ్ 727కు బిగించి ఎగరేసింది. ఇంధనం నిజంగానే బాగా మిగిలింది. కానీ అదే ఏడాది చమురు ధర కుప్పకూలింది, చివరికి ఇంజిన్ అటకెక్కింది. పర్యావరణం గురించి కంపెనీలు ఎన్ని మాటలు చెప్పినా, ఇన్నేళ్లూ ఈ రంగాన్ని నడిపించింది చమురు బిల్లే.

ఫ్యాన్‌ను పెంచుకుంటూ పోతే ఇంకో చిక్కు ఉంది. పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరగాలి, దాన్ని తిప్పే టర్బైన్ (వేడి వాయువు తాకిడికి తిరిగే చక్రం) వేగంగా తిరిగితేనే పని చేస్తుంది. రెండూ ఒకే షాఫ్ట్ (ఇరుసు) మీద ఉంటే ఎవరో ఒకరు రాజీపడక తప్పదు. ప్రాట్ దశాబ్దాలపాటు పట్టువదలకుండా మధ్యలో గేర్‌బాక్స్ పెట్టింది. ఫ్యాన్ టర్బైన్ వేగంలో మూడో వంతుతో తిరుగుతుంది. ఆ గేర్ల గుండా దాదాపు 30,000 హార్స్‌పవర్ వెళ్తుంది. అందులో ఒక్క శాతం వృథా అయినా 300 హార్స్‌పవర్ వేడిగా మారి నూనెను మరిగిస్తుంది. పోతే గేర్‌బాక్సే పోతుందని అందరూ అనుకున్నారు. అది మాత్రం నిక్షేపంగా ఉంది.

తంటా వేరేచోట వచ్చింది. ఇంజిన్ ఆపాక పైభాగం ఎక్కువ వేడిగా ఉండి షాఫ్ట్ కొద్దిగా వంగేది. మళ్లీ స్టార్ట్ చేసేముందు నిమిషాల తరబడి మెల్లగా తిప్పాల్సి వచ్చేది. మొదటి ఏ320నియోను తీసుకోవాల్సిన ఖతార్ ఎయిర్‌వేస్ వద్దనడంతో 2016 జనవరిలో అది లుఫ్తాన్సాకు వెళ్లింది. 2018లో ఒక సీల్ లోపం బయటపడి మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇండిగో, గోఎయిర్‌ల (గో ఫస్ట్ పాత పేరు) 11 విమానాలను ఆపేసింది. 2019లో టర్బైన్ బ్లేడ్లు విరిగాయి. 2023 జులైలో అన్నిటికన్నా పెద్దది. టర్బైన్ డిస్కుల తయారీకి వాడిన లోహపు పొడిలో మలినాలు చేరాయని, పగుళ్లు రావచ్చని తేలింది. వందల ఇంజిన్లను విప్పి చూడాల్సి వచ్చింది. ఒక్కోటి షాపులో 300 రోజుల దాకా ఉండొచ్చని అంచనా.

ఇదంతా ఒక్క ప్రాట్ చేతకానితనం అనడం తేలిక. పొడి లోహం సంగతి ఆ కంపెనీ తప్పే, సందేహం లేదు. కానీ ఇంధనం మిగలాలంటే ఫ్యాన్ పెరగడంతోపాటు లోపలి మంట కూడా మరింత వేడెక్కాలి. బ్లేడు లోహం కరిగే ఉష్ణోగ్రతకన్నా దాని చుట్టూ వీచే వాయువు వేడి ఎక్కువ. బ్లేడులోని సన్నని రంధ్రాల్లోంచి వచ్చే చల్లటి గాలి పొరే దాన్ని కాపాడుతుంది. మన దగ్గర, గల్ఫ్‌లో గాల్లో దుమ్ము ఎక్కువ. అది లోపల కరిగి గాజులా అంటుకుని ఆ రంధ్రాలను పూడ్చేస్తుంది. పోటీదారు సీఎఫ్ఎం (జీఈ, ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్‌ల ఉమ్మడి సంస్థ) వారి లీప్ ఇంజిన్లకూ ఈ బెడద తప్పలేదు. వాటి టర్బైన్‌కు మార్చిన భాగాలు 2024 డిసెంబరులో గానీ ఆమోదం పొందలేదు. పైగా మంట వేడెక్కేకొద్దీ నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. చప్పుడులా కలిసిరావడం కాదు, పొగ విషయంలో పొదుపు ఎదురు తిరుగుతుంది.

ఇండిగో ఈలోగా 2019లోనే లీప్ వైపు మళ్లింది. ఆ ఇంజిన్లకు శంషాబాద్‌లో సఫ్రాన్ కట్టిన మరమ్మతు కేంద్రం 2025 నవంబరులో ప్రారంభమైంది. 2035 నాటికి ఏటా 300 ఇంజిన్లు బాగుచేయడం దాని లక్ష్యం.

అటకెక్కిన కవచం లేని ఫ్యాన్‌ను జీఈ, సఫ్రాన్ కలిసి 2021లో రైజ్ పేరుతో మళ్లీ కిందికి దించాయి. ఇంధనం ఇంకో 20 శాతం మిగలాలన్నది గురి. ఇంజిన్ రూపం ఇంకా ఖరారు కాకముందే టర్బైన్ భాగాల మీదికి దుమ్ము వదిలి పరీక్షించడం మొదలుపెట్టేశారు.