పెండింగ్ చలానాల నగరం: జరిమానా బాకీగా మారిన తీరు

హైదరాబాద్‌లో ద్విచక్ర వాహనం నడిపే వారికి 135, 235, 1,035 అనే అంకెలను విడమరచి చెప్పనక్కర్లేదు. వంద, రెండు వందలు, వెయ్యి రూపాయల జరిమానాకు యూజర్ చార్జీ పేరిట మరో 35 రూపాయలు కలిసి ఆ మొత్తాలు ఏర్పడ్డాయి. ఫోన్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవడం, ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో లెక్కపెట్టుకోవడం, ప్రభుత్వం మళ్లీ రాయితీ ఎప్పుడు ప్రకటిస్తుందా అని ఎదురుచూడడం ఇక్కడ కరెంటు బిల్లంత మామూలైపోయింది. చట్టం మాత్రం చలానాను బాకీగా చూడదు. ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానా సెక్షన్‌ను ఉల్లంఘించారని పోలీసులు మోపే ఆరోపణ అది. ఒప్పుకుని రుసుము కట్టవచ్చు, ఒప్పుకోకపోతే రుజువు చేయమని కోరవచ్చు. ఈ రెండో దారి ఒకటుందన్న సంగతే జనం మరచిపోయే స్థితి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

బ్రిటిష్ ఇండియాలో 1914లో వచ్చిన మోటారు వాహనాల చట్టం స్థానంలో 1939 చట్టం, దాని స్థానంలో ఇప్పుడున్న 1988 చట్టం వచ్చాయి. ఈ చివరిది 1989 జూలై 1 నుంచి అమల్లో ఉంది. చిన్న ఉల్లంఘనలన్నీ కోర్టు దాకా వెళ్లనవసరం లేకుండా, రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన రుసుము కట్టించుకుని వ్యవహారం ముగించే వీలును 200వ సెక్షన్ కల్పించింది. దీన్నే కాంపౌండింగ్ అంటారు. మనం కట్టే చలానాల్లో అధిక భాగం నిజానికి కోర్టు వేసిన శిక్షలు కావు, ఈ రాజీ రుసుములే. కాగితం పుస్తకాల రోజుల్లో కానిస్టేబుల్ బండి ఆపి, ఎదురుగా నిలబెట్టి చలానా రాసేవారు. సిగ్నల్ పసుపు రంగులో ఉండగానే దాటానని, పక్క లారీ అడ్డం రావడం వల్లే గీత మీదికి వచ్చానని అక్కడికక్కడే నాలుగు మాటలు చెప్పుకునే అవకాశం ఉండేది. ఆ మాటలు నెగ్గేవా లేదా అన్నది వేరే సంగతి, కనీసం ఆరోపణ ఏమిటో ఆ క్షణానే తెలిసేది.

ఈ-చలానా వచ్చాక ఆ ముఖాముఖి పోయింది. కూడలిలో సిబ్బంది చేతిలోని కెమెరా గానీ, స్తంభానికి బిగించిన కెమెరా గానీ నంబర్ ప్లేట్‌ను ఫొటో తీస్తుంది; ఆ నంబరుతో రవాణా శాఖ రికార్డుల్లో ఎవరి పేరుంటే వారి ఖాతాలో చలానా పడుతుంది. బండి ఎవరు నడిపారన్నది ఆ వ్యవస్థకు తెలియదు. అమ్మేసిన బండిని కొన్నవారు పేరు మార్పించుకోకపోతే వారి ట్రిపుల్ రైడింగ్ పాత యజమాని లెక్కలోకే చేరుతుంది. యాజమాన్య బదిలీకి సంతకం చేసిన ఫారం 29, 30 చేతికిచ్చి ఇక బండితో సంబంధం తీరిందనుకునే వారు ఈ నగరంలో తక్కువేమీ లేరు.

రుసుముల చరిత్ర మరింత చిక్కైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో జీవో 108 ద్వారా కాంపౌండింగ్ రుసుములను ఖరారు చేసింది. తెలంగాణ ఏర్పడ్డాక 2017 ఆగస్టు 1న ఉల్లంఘనను బట్టి పాయింట్లు వేసే పెనాల్టీ పాయింట్ల విధానం మొదలైంది. రెండేళ్లలో 12 పాయింట్లు చేరితే లైసెన్స్ ఏడాది పాటు రద్దవుతుందన్నారు. ఇక 2019 సెప్టెంబర్ 1 నుంచి కేంద్రం సవరించిన చట్టం అమల్లోకి వచ్చి, లైసెన్స్ లేకుండా నడిపితే 500గా ఉన్న జరిమానా 5,000కు, మద్యం తాగి నడిపితే 2,000గా ఉన్నది 10,000కు పెరిగాయి. పెంచిన జరిమానాలతో ప్రజలను వేధించబోమని నాటి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించడంతో ఇక్కడ పాత రుసుములే కొనసాగాయి. 2022లో రోడ్లకు అడ్డంగా ఉండే పార్కింగ్‌ను, ఆక్రమణలను తొలగించే ఆపరేషన్ రోప్ పేరుతో నగర పోలీసులు కట్టుదిట్టం చేసినప్పుడు మాత్రం రాంగ్ రూట్‌కు 1,700, ట్రిపుల్ రైడింగ్‌కు 1,200 వసూలు చేయడం ప్రారంభించారు. ఈ 1,200కు చట్టంలో ఆధారమేమిటని ప్రశ్నిస్తూ 2025లో ఒక వాహనదారుడు హైకోర్టుకు వెళ్లాడు. ఒక మామూలు పౌరుడు అడిగే దాకా ఆ ప్రశ్న అంత గట్టిగా ఎవరూ అడగకపోవడం నన్ను ఆలోచింపజేసింది.

అడగకపోవడానికి ప్రధాన కారణం రాయితీలేనని నా అభిప్రాయం. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. కరోనా కాలంలో మాస్కు లేదని వేసిన వెయ్యి రూపాయల జరిమానాను వందకు దించారు. గడువును ఏప్రిల్ 15 వరకు పొడిగించారు. 2023 డిసెంబర్ 26న మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం, ఆర్టీసీ బస్సులకు 90 శాతం, కార్లకు, భారీ వాహనాలకు 60 శాతం రాయితీ ఇచ్చారు. జనవరి 10 నాటికి ముగియాల్సిన ఆ గడువు రెండు దఫాలుగా పెరిగి ఫిబ్రవరి 15 దాకా సాగింది. ఖజానాకు డబ్బు వచ్చింది, పేదవారికి ఊరట కలిగింది, కాదనను. అయితే 1,200 రూపాయల తప్పుడు చలానా 240కి తీరిపోతుందంటే, దాన్ని సవాలు చేయడానికి ఒక పూట కూలి పోగొట్టుకునేది ఎవరు? నిబంధన ఉల్లంఘించిన వారు, ఉల్లంఘించని వారు ఒకే వరుసలో నిలబడి ఒకే రాయితీ తీసుకున్నారు. చేయని తప్పుకు కట్టిన డబ్బు కూడా విజయవంతమైన వసూళ్ల లెక్కలోనే చేరింది.

కట్టకుండా వదిలేస్తే వచ్చే ఇబ్బందులు చిన్నవి కావు. తనిఖీలో బండి ఆపి మొత్తం కట్టమంటారు. బండి అమ్మబోతే కొనేవారు ముందు చూసేది పెండింగ్ చలానాలనే. పైగా కాంపౌండింగ్‌తో తీరని నేరాలు వేరే ఉన్నాయి. మద్యం తాగి నడిపి పట్టుబడితే గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగ్‌కు హాజరై, ఆపై మేజిస్ట్రేట్ ముందు నిలబడాలి. జైలు శిక్ష కూడా పడవచ్చు. మైనర్ చేతికి బండి ఇస్తే తల్లిదండ్రులకు సవరించిన చట్టం 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు విధించింది. వీటి తీవ్రతను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే పోలీసుల అధికారానికీ హద్దులున్నాయి. బండిని స్వాధీనం చేసుకోవడానికి 207వ సెక్షన్ చెప్పే కారణాలు లైసెన్స్, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేకపోవడం వంటివి. పాత చలానాలు పెండింగ్‌లో ఉండడం అందులో లేదు. తాగిన వ్యక్తి వెంట తాగని మనిషి ఉంటే బండి అతనికి అప్పగించాలని, దాన్ని పోలీసులు పట్టుకెళ్లకూడదని 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టం చేసింది.

సవాలు చేయడానికి తగిన ఆధారాలను నిబంధనలే ఇచ్చాయి. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఏ ప్రకారం, కెమెరాల వంటి ఎలక్ట్రానిక్ పరికరాలతో నమోదు చేసిన ఉల్లంఘనకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలి; ఆ పరికరానికి ఏటా పునరుద్ధరించే ఆమోద పత్రం ఉండాలి; అక్కడ కెమెరా ఉందని తెలిపే బోర్డు కనపడాలి. ఎలక్ట్రానిక్ ఆధారం కోర్టులో నిలవాలంటే సాక్ష్యాలకు సంబంధించిన చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలను ఆరు నెలలు దాటాక కోర్టు సాధారణంగా విచారణకు స్వీకరించరాదని క్రిమినల్ ప్రక్రియ చట్టం చెబుతోంది. ఏళ్ల నాటి చలానాలు ఫోన్‌లో ఇంకా కనిపిస్తూనే ఉండడాన్ని ఈ వెలుగులో చూడాలి.

ఉప్పల్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఖాతాలో గత ఏడాది రెండు చలానాలు కనిపించాయి. ఒకటి హెల్మెట్ లేనందుకు, రెండోది టోలిచౌకిలో ట్రిపుల్ రైడింగ్‌కు. రాయితీ వచ్చినప్పుడు రెండూ కలిపి కట్టేద్దామన్నాడు. రెండో చలానా ఫొటోను పెద్దది చేసి చూశాం. అందులో ఉన్నది నల్లటి స్కూటర్, వాడిది ఎర్రటి మోటార్ సైకిల్. ప్లేట్ మీద చివరి అంకె సగం బురదలో ఉంది. మూడు కావలసింది ఎనిమిదిగా చదివారు. ఆ సమయానికి వాడు పనిలో ఉన్నట్టు హాజరు రికార్డు కూడా ఉంది. ఆర్‌సీ నకలు, బండి ఫొటో జతచేసి ఈ-చలానా వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టాం. స్పందన రాకపోయేసరికి ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌లో లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్నాం. మూడు వారాలకు ఆ చలానా జాబితాలో నుంచి తొలగిపోయింది. హెల్మెట్ లేని ఫొటోలో ఉన్నది తానేనని వాడే అన్నాడు. రాయితీ కోసం ఆగకుండా 235 రూపాయలు ఆ సాయంత్రమే కట్టేశాడు.