కబుర్లు ఆగని వేగం

మా బావమరిది నాకంటే పదమూడేళ్లు చిన్న. ఇద్దరం కలిసి హైదరాబాద్ మారథాన్‌కి తయారవుదామని అనుకున్ననాటికి అతను కిలోమీటరు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తేవాడు, నేను ఏడున్నరలో. మొదటి ఆదివారం దుర్గం చెరువు దగ్గర పరువు కోసం అతని పక్కనే పరిగెత్తాను. ఆరో కిలోమీటరు దాటకుండానే ఫుట్‌పాత్ మీద కూలబడ్డాను. "పర్లేదా బావా?" అన్నాడు. చెయ్యి ఊపాను. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు మరి.

మారథాన్ శిక్షణలో సగం సైన్సు ఆ చెప్పలేకపోయిన జవాబులోనే ఉందని తర్వాత తెలిసింది.

మాట్లాడాలంటే గాలిని నెమ్మదిగా వదలాలి. వాక్యం మధ్యలో గభాల్న ఓసారి పీల్చుకుని మళ్లీ వదలాలి. నింపాదిగా పరిగెత్తుతున్నప్పుడు ఇది ఇబ్బంది కాదు. వేగం ఒక గీత దాటాక మాత్రం కండరాల్లో లాక్టేట్ అనే పదార్థంతో పాటు ఆమ్లత్వమూ పెరుగుతుంది. రక్తంలోని బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని విరుస్తుంది. ఆ విరుగుడులో కార్బన్ డయాక్సైడ్ అదనంగా పుడుతుంది. దాన్ని బయటికి తోసెయ్యాలి కాబట్టి మెదడు శ్వాస జోరు పెంచేస్తుంది. అప్పుడిక వాక్యాలు ముక్కలై, మాటలై, చివరికి చెయ్యి ఊపడం దగ్గరికి వస్తాయి. ల్యాబ్‌లో మూతికి మాస్కు కట్టి కనిపెట్టే ఆ గీతను, పక్కన ఒక మనిషి ఉంటే పైసా ఖర్చు లేకుండా దాదాపుగా పట్టుకోవచ్చు. దీన్నే టాక్ టెస్ట్ అంటారు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ 1960లలో ఆక్లాండ్‌లో నడివయసు వాళ్లను, గుండెజబ్బు నుంచి తేరుకున్నవాళ్లను కూడా పరుగులోకి దించినప్పుడు, మాట్లాడుకోగలిగే వేగంలోనే పొమ్మన్నాడు.

అంత మెల్లగా పరిగెత్తితే 42.195 కిలోమీటర్లకు ఎలా తయారవుతామని నాకూ సందేహం వచ్చింది. లెక్క వేసి చూడండి. పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. డెబ్భై కిలోల మనిషికి మారథాన్ అంటే మూడువేల కేలరీల పని. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకున్న పిండిపదార్థం ఇచ్చేది సుమారు రెండువేలు. మిగతాది కొవ్వు నుంచి రావాలి. కొవ్వుకేం, మనందరి దగ్గరా కావలసినంత ఉంది. కానీ అది నిదానంగా మండే కట్టె. వేగం పెరిగేకొద్దీ శరీరం దాన్ని వదిలేసి గ్లైకోజెన్ వైపు మొగ్గుతుంది. ముప్ఫయ్యో కిలోమీటరు దాటాక చాలామందికి కాళ్లు ఒక్కసారిగా సీసంలా బరువెక్కేది ఆ గ్లైకోజెన్ కోటా అయిపోయినందుకే. వారాల తరబడి నింపాదిగా చేసే పొడుగు పరుగులు కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను, సన్నటి రక్తనాళాలను పెంచి, కొవ్వు మండించడం నేర్పిస్తాయి.

అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం పొద్దున్న నా వేగంలోనే ఇద్దరం. అతను ఏదో ఒకటి అడగాలి, నేను పూర్తి వాక్యంలో చెప్పాలి. వాక్యం తెగితే వేగం తగ్గించాలి. ఫ్లాట్ ఈఎంఐలు, మా అత్తగారి మోకాళ్లు, ఆఫీసు రాజకీయాలు, అన్నీ ఆ పద్ధతిలోనే మాట్లాడుకున్నాం. తన సొంత వేగం సరదా అతను బుధవారం ఒంటరిగా తీర్చుకునేవాడు. ఒంటరిగా పరిగెత్తేవాళ్లు తమలో తామే మాట్లాడుకోవచ్చు కదా అంటే, మా కాలనీలో అది వేరే చర్చకు దారితీస్తుంది.

నన్ను ఫుట్‌పాత్ మీద కూలేసిన పరువుకీ ఒక పేరుంది, కోలర్ ఎఫెక్ట్. 1920లలో ఒట్టో కోలర్ అనే జర్మన్ పరిశోధకుడు బెర్లిన్‌లో పడవ పోటీల క్లబ్బు సభ్యుల చేత బరువులు ఎత్తించాడు. ముందు ఒక్కొక్కరి చేత, తర్వాత ఇద్దరు కలిసి ఎత్తే ఇంకా బరువైన కడ్డీతో. ఒకరు చేతులెత్తేస్తే ఇద్దరి పనీ ఆగిపోతుంది. ఆ స్థితిలో జంటలో బలహీనుడు, ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువసేపు పట్టుబట్టి నిలబడ్డాడు. అయితే ఇద్దరి మధ్య తేడా మరీ ఎక్కువైనా, అసలు లేకపోయినా ఆ లాభం కనిపించలేదు. 2012లో అమెరికాలో మహిళలతో వ్యాయామ సైకిల్ తొక్కించి చేసిన ప్రయోగంలో, తమకంటే కాస్త మెరుగైన భాగస్వామి తెర మీద తొక్కుతూ కనిపిస్తే, ఒంటరిగా తొక్కినవాళ్లకంటే దాదాపు రెట్టింపు సేపు తొక్కారు. తెర మీద మనిషి ముందే తీసిన వీడియో!

నాకు మాత్రం మారథాన్ శిక్షణలో ఈ పట్టుదల అంటే కొంచెం భయమే. సైకిల్ మీద పది నిమిషాలు అదనంగా తొక్కితే కొంపేమీ మునగదు. ఇరవై ఎనిమిది కిలోమీటర్ల పరుగులో ప్రతివారం పక్కవాడి కోసం గీత దాటితే మునుగుతుంది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి. ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికి నెలలు కావాలి. ఊపిరి సరేనంటుంది, మడమ వెనక స్నాయువు ఒప్పుకోదు.

తోడు వల్ల నిజంగా ఒరిగేది అసలు పరుగుకి వెళ్లడం. 2017లో వెలువడిన ఒక అధ్యయనం, ఐదేళ్లపాటు తమ పరుగుల లెక్కలు స్నేహితులతో పంచుకున్న 11 లక్షల మందిని పరిశీలించింది. స్నేహితులిద్దరూ పరిగెత్తుతుంటే ఎవరిని చూసి ఎవరు పరిగెత్తారో ఎలా తేలుస్తారు? పరిశోధకులు వాతావరణాన్ని వాడుకున్నారు. ఒక ఊళ్లో వాన పడితే అక్కడి మనిషి పరుగు మానేస్తాడు. వాన లేని ఇంకో ఊళ్లో అతని స్నేహితుడి పరుగు కూడా తగ్గిందా? తగ్గింది. స్నేహితుడు ఒక కిలోమీటరు అదనంగా పరిగెత్తితే మనం ఆ రోజు 300 మీటర్ల దాకా ఎక్కువ పరిగెత్తుతామని తేలింది. ఇంకో వింత, తక్కువ పరిగెత్తేవాళ్ల ప్రభావమే ఎక్కువ పరిగెత్తేవాళ్ల మీద బలంగా కనిపించింది. అంటే మా బావమరిదిని నా బద్ధకమే పరిగెత్తించిందన్నమాట. ఈ సంగతి అతనికి చెప్పాను, నమ్మలేదు.

ముందువాళ్ల వెనక పరిగెత్తితే గాలి తాకిడి తగ్గుతుంది కదా అని కూడా అడుగుతుంటారు. 2019లో వియన్నాలో కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్‌చోగే 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పూర్తిచేసినప్పుడు 41 మంది పేసర్లు, అంటే వేగం నిలబెట్టే తోడు పరుగువాళ్లు, వంతులవారీగా చుట్టూ పరిగెత్తారు. అది గంటకు 21 కిలోమీటర్ల వేగం. నా ఎనిమిది కిలోమీటర్ల వేగంలో బావమరిది వెనక దాక్కుంటే దక్కేది అతని చెమట వాసనే.

అసలు రేసు ఆగస్టులో. హుస్సేన్ సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది, మధ్యలో ఫ్లైఓవర్లు. ఎండకంటే ఉక్కతోనే ఇబ్బంది. గాలిలో తేమ ఉంటే చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే మెదడు తికమకపడొచ్చు. అలా తికమకపడుతున్నట్టు ఆ మనిషికే తెలియకపోవచ్చు. అలాగని నీళ్లు అదేపనిగా తాగడమూ ప్రమాదమే, రక్తంలోని సోడియం పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్షకు ఒప్పుకున్న 488 మందిలో 13 శాతం మందికి సోడియం తక్కువగా తేలింది. పరుగులో బరువు పెరిగినవాళ్లలో, అంటే మరీ ఎక్కువ తాగినవాళ్లలో, అది ఎక్కువగా కనిపించింది. అందులోనూ ముదిరితే తికమకే వస్తుంది. అడుగు తూలుతోందో, మాట పొంతన లేకుండా వస్తోందో పక్కవాడే కనిపెట్టాలి.

అందుకే ముప్ఫై దాటాక ప్రతి రెండు కిలోమీటర్లకూ నన్నో ప్రశ్న అడగాలని అనుకున్నాం. ముప్ఫై రెండు దగ్గర మా పిన్‌కోడ్ అడిగాడు, చెప్పాను. ముప్ఫై నాలుగు దగ్గర పదిహేడో ఎక్కంలో నాలుగోది అడిగాడు, కాస్త ఆలోచించి అదీ చెప్పాను. ముప్ఫై ఆరు దగ్గర, "మా అక్క పుట్టినరోజెప్పుడు బావా?" అన్నాడు. తప్పు చెప్పాను. ఎండదెబ్బ అనుకుని నన్ను నీడలో కూర్చోబెట్టి నెత్తిన రెండు సీసాల నీళ్లు పోశాడు.