ఒంట్లో ఉరుములు వినే యంత్రం

శ్రీకాకుళం జిల్లా పొందూరు నుంచి పదో తరగతి అమ్మాయి ఒకరు ఇలా అడిగారు: "మాస్టారూ, సెల్‌ఫోన్ టార్చి మీద వేలు పెడితే వేలంతా ఎర్రగా వెలుగుతోంది. అంటే వెలుతురు లోపలికి పోతున్నట్టే కదా? మరి లోపలున్న ఎముక, రక్తనాళం ఎందుకు కనబడవు?"

చాలా మంచి ప్రశ్న. వెలుతురు లోపలికి పోతుంది గానీ తిన్నగా పోదు. ఒక మిల్లీమీటరు లోతుకు వెళ్లేసరికే కణాలకు తగిలి తగిలి దారి తప్పుతుంది. బయటికొచ్చిన కిరణం ఏ మూల నుంచి వచ్చిందో చెప్పలేం. అందుకే వేలంతా ఒకటే ఎరుపు, ఎముక నీడ కూడా అందులో కలిసిపోతుంది.

శబ్దానికి ఈ ఇబ్బంది లేదు. వెలుతురుతో పోలిస్తే ఒంట్లో అది చెదిరేది సుమారు వెయ్యో వంతే. గర్భిణులకు స్కానింగ్ శబ్దంతోనే తీస్తారు. కానీ రక్తంలో ఆక్సిజన్ ఉందో లేదో చెప్పేది రంగు, శబ్దానికి రంగు తెలియదు. రంగు కోసం వెలుతురు, చోటు కోసం శబ్దం, రెండూ కావాలి. ఈ రెంటినీ కలిపి ఒంట్లోకి చూసే పద్ధతిలో శాస్త్రవేత్త లిహాంగ్ వాంగ్ ప్రయోగశాల పేరు ముందు వరసలో ఉంటుంది. 2017 నుంచి ఆ ప్రయోగశాల అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో ఉంది. వాళ్ల పని అర్థం కావడానికి మన వానాకాలపు మెరుపూ ఉరుమూ చాలు.

మెరుపు పోయిన దారిలో గాలి రెప్పపాటులో దాదాపు 30,000 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఒక్కసారిగా ఉబ్బి చుట్టుపక్కల గాలిని తోసేస్తుంది. ఆ తోపే మనకు ఉరుముగా వినబడుతుంది. కాల్టెక్ యంత్రం ఇదే పని రక్తనాళంలో చేయిస్తుంది. కొన్ని నానోసెకన్ల పాటు మాత్రమే వెలిగే లేజర్‌ను ఒంటి మీద వేస్తారు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. ఆ వెలుతురు లోపల చెల్లాచెదురైపోతుంది. పోనివ్వండి, ఎక్కడ రక్తం తగిలితే అక్కడి హీమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది. ఎంత వేడి? డిగ్రీలో వెయ్యో వంతు. మనిషికి తెలియను కూడా తెలియదు. కానీ ఆ కాస్త వేడి పక్కకు పారడానికి, రక్తం ఉబ్బడానికి వ్యవధి లేకుండా వచ్చిపడుతుంది గనక అక్కడ పీడనం సుమారు 800 పాస్కల్స్ పెరుగుతుంది. రక్తనాళం ఉరుముతుంది. మన చెవికి అందని అల్ట్రాసౌండ్ ఉరుము అది. మెరుపులో వేడి పుట్టించేది కరెంటు, ఇక్కడ వెలుతురు. ఆ తర్వాతి కథంతా ఒకటే.

వెలుతురు నుంచి శబ్దం పుట్టడం పాత సంగతే. 1880లోనే గ్రాహంబెల్ తిరిగే చక్రంతో ఎండను ఆపి ఆపి పలచటి బిళ్ల మీద పడనిచ్చి, ఆ బిళ్ల చేసే చప్పుడు విన్నాడు.

ఉరుము ఎక్కడిదో కనుక్కోవడం ఎలా? మెరుపు చూసిన క్షణం నుంచి ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఉరిమితే మన ఇళ్లల్లో "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అంటాం. ఆ పేర్లు పిల్లలకు ధైర్యం, అననివ్వండి. కాకపోతే మెరవగానే మొదలుపెట్టమనండి, ఏ పేరు దగ్గర ఉరిమిందో చూసుకోమనండి. ముప్పై సెకన్లలోపు ఉరిమితే ఊడుపులు వదిలేసి పక్కా ఇంట్లోకి వెళ్లిపోవాలి. తాడిచెట్టు కింద అసలు నిలబడకూడదు. ధ్వని వేగాన్ని బళ్లో మార్కుల లెక్కగా చెప్పి వదిలేస్తున్నాం. పొలాల్లో పిడుగుపాటు చావులు ఏటా చూసే మన జిల్లాలో ఆ లెక్కతో పాటు ఈ మాట కూడా చెప్పి తీరాలి.

శ్రీకాకుళంలో 12 సెకన్లకు వినబడితే పిడుగు 4 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏ దిక్కున? తెలియదు. ఊరి చుట్టూ 4 కిలోమీటర్ల వలయం గీస్తే దాని మీద ఎక్కడైనా కావచ్చు. అదే ఉరుము ఆమదాలవలసలో 36 సెకన్లకు వినబడితే అక్కడ 12 కిలోమీటర్ల వలయం. రెండు వలయాలూ రెండు చోట్ల కలుసుకుంటాయి. ఎచ్చెర్లలో లెక్కపెట్టినవాళ్ల అంకె కూడా తెలిస్తే ఒక్క చోటే మిగులుతుంది. ఒంట్లో శబ్దం మైక్రోసెకనుకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పోతుంది. లేజర్ వెలిగిన 20 మైక్రోసెకన్లకు వినబడిందంటే ఆ రక్తనాళం 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. మూడు ఊళ్లకు బదులు వందల సెన్సర్లు, ఒక్క పిడుగుకు బదులు లెక్కలేనన్ని ఉరుములు ఒకేసారి. వాటిని విడదీసి బొమ్మ కట్టేది కంప్యూటర్.

రంగు మార్చి రెండోసారి వెలిగిస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది, లేని రక్తం ఎరుపును ఎక్కువ పీల్చుకుంటుంది. కోవిడ్ రోజుల్లో వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటర్ కిటుకు ఇదే. అది వేలంతటికీ కలిపి ఒక్క అంకె చెబుతుంది. ఇక్కడ ఏ నాళంలో ఎంత ఆక్సిజన్ ఉందో విడివిడిగా తెలుస్తుంది.

2018లో వాంగ్ బృందం 512 సెన్సర్ల వలయంతో రొమ్ము మొత్తాన్ని 15 సెకన్లలో, ఒక్కసారి ఊపిరి బిగపట్టినంతసేపట్లో చిత్రించింది. గట్టిగా అదిమే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే పరీక్ష) నొప్పి లేదు, ఎక్స్‌రే లేదు. 4 సెంటీమీటర్ల లోతు దాకా కనబడింది. క్యాన్సర్ గడ్డ తన చుట్టూ రక్తనాళాలను అల్లుకుంటుంది గనక అక్కడ ఉరుములు గుంపుగా వినబడతాయి. 9 గడ్డల్లో 8 దొరికాయి. చూసింది కొద్దిమంది రోగులనే, కాబట్టి మామోగ్రామ్ మానేయమని దీని అర్థం కాదు. అయినా ఆ బొమ్మలో సన్నటి నాళాలు గడ్డ వైపు వంగి వెళ్లడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

2021లో 1024 సెన్సర్లతో మెదడును చూశారు. వేళ్లు కదిపినప్పుడు మెదడులో రక్తం ఎక్కడ పెరిగిందో పట్టుకుని, ఎంఆర్ఐతో పోల్చి సరిచూశారు. అయితే ఆ మనుషులందరికీ చికిత్సలో భాగంగా పుర్రె ఎముకలో కొంత తీసేసి ఉంది. నిండు పుర్రె శబ్దాన్ని వంచుతుంది, బలహీనపరుస్తుంది.

మనవాళ్లకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కూడా వెలుతురును పీల్చుకుంటుంది. రక్తం కంటే ముందు చర్మమే ఉరుముతుంది, లోపలికి చేరే వెలుతురు తగ్గుతుంది. పల్స్ ఆక్సీమీటర్లు నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గుదలను తెల్లవాళ్లలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పసిగట్టలేకపోయాయని 2020లో అమెరికాలో తేలింది. ఎండలో పనిచేసే ఉద్దానం జీడితోటల మనిషి చర్మం మీద కూడా ఈ కొత్త యంత్రం అంకెలను సరిచూడాలి. అదీ అమ్మకానికి వచ్చాక కాదు, ప్రయోగశాలలో ఉండగానే.