యూనిఫాం వేసుకున్న వైద్యం: కొన్ని అపోహలు, వాస్తవాలు

సైనిక వైద్య విభాగంలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు విపత్తుల సమయంలో సైన్యానికీ పౌర ఆరోగ్య సంస్థలకూ మధ్య సమన్వయం చూస్తున్నాను. సైన్యం ఏ రోగాన్నైనా అణచగలదని నమ్మేవారూ, సైన్యం అడుగుపెడితే వైద్యం చెడిపోతుందని నమ్మేవారూ ఒకే సమావేశంలో నాకు ఎదురవుతుంటారు. వారి నోట తరచుగా వినే మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: సైనిక వైద్యమంటే తూటా గాయాలకు కట్లు కట్టడమే.

వాస్తవం: చరిత్రలో చాలా యుద్ధాల్లో శత్రువు ఆయుధాల కన్నా జ్వరాలూ విరేచనాలే ఎక్కువమంది సైనికులను బలిగొన్నాయి కాబట్టి, సైనిక వైద్యులు గాయాలతో సమానంగా అంటురోగాల వెంట పడక తప్పలేదు. 1880లో అల్జీరియాలో మలేరియా పరాన్నజీవిని తొలిసారి గుర్తించిన లావెరాన్ ఫ్రెంచి సైనిక వైద్యుడు. 1897లో దాన్ని దోమ కడుపులో చూసిన రొనాల్డ్ రాస్ బ్రిటిష్ ఇండియా సైనిక వైద్య విభాగమైన ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారి. ఎల్లో ఫీవర్‌ను దోమ వ్యాపింపజేస్తుందని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినా, 1900లో వాల్టర్ రీడ్ నాయకత్వంలోని అమెరికా సైనిక బృందం ప్రయోగాలతో నిరూపించే దాకా లోకం ఆయన మాటను పట్టించుకోలేదు. ఘనతలో అధిక భాగం రీడ్‌కు దక్కడం ఫిన్లేకు జరిగిన అన్యాయమేనని నా అభిప్రాయం.

అపోహ: సైనిక పరిశోధన ఫలితాలు సైనికులకే పరిమితం.

వాస్తవం: వియత్నాం యుద్ధంలో ఉత్తర వియత్నాం సైనికులను మలేరియా పీడిస్తున్నప్పుడు, చైనా 1967 మే 23న ఒక రహస్య సైనిక ప్రాజెక్టును ప్రారంభించి, ఆ తేదీ మీదనే దానికి 523 అని పేరు పెట్టింది. మలేరియా మందు ఆర్టెమిసినిన్ వెలికివచ్చింది అందులోంచే. దాన్ని కనుగొన్నందుకు 2015లో నోబెల్ అందుకున్న తు యుయు మాత్రం సైనికురాలు కాదు, పౌర సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త. నేడు అనేక దేశాల్లో మలేరియాకు ముందుగా ఇచ్చే ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్ జంట మందు రూపుదిద్దుకున్నది చైనా సైనిక వైద్య విజ్ఞాన అకాడమీలో. అదేవిధంగా, ఆర్‌టీఎస్,ఎస్ మలేరియా టీకాపై అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థ ఒక మందుల కంపెనీతో కలిసి 1980లలో పని మొదలుపెట్టగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దాన్ని సిఫారసు చేసింది సైనికులకు కాదు, పిల్లలకు. అయితే సైన్యాన్ని బాధించని రోగం మీద సైన్యం డబ్బు ఇంత ధారాళంగా పారదని కూడా ఒప్పుకోవాలి.

అపోహ: మహమ్మారి వస్తే సైన్యాన్ని దింపితే చాలు.

వాస్తవం: 2014లో పశ్చిమాఫ్రికాలో ప్రబలిన ఎబోలా నేర్పిన పాఠాలను నేను శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ చెబుతుంటాను. సైన్యాలకు ఎప్పుడూ ఆమడ దూరంలో ఉండే అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ ఎంఎస్‌ఎఫ్ (సరిహద్దులు లేని వైద్యులు) అధ్యక్షురాలు జోవాన్ లియు, ఆ సెప్టెంబరు 2న ఐక్యరాజ్యసమితిలో, జీవ విపత్తులను ఎదుర్కొనే సామర్థ్యమున్న దేశాలు తమ పౌర, సైనిక బృందాలను పంపాలని కోరారు. అమెరికా సైన్యం లైబీరియాకు, బ్రిటిష్ సైన్యం సియెరాలియోన్‌కు వెళ్లాయి. లైబీరియాలో అమెరికా సైనికులు రోగులకు చికిత్స చేయలేదు. సరుకులు చేరవేశారు, ఆరోగ్య సిబ్బందికి రక్షణ దుస్తుల బయటి భాగం ఒంటికి తగలకుండా విప్పడం నేర్పారు, సంచార ప్రయోగశాలలతో రక్తపరీక్ష ఫలితాన్ని రోజుల నుంచి గంటలకు తెచ్చారు. వారు కట్టిన చికిత్స కేంద్రాలు మాత్రం చాలావరకు కేసులు తగ్గాకే పూర్తయ్యాయి. అనేక కేంద్రాల్లో ఒక్క ఎబోలా రోగి కూడా చేరలేదు.

అదే దేశంలో, అదే ఏడాది ఆగస్టు 20న, రాజధాని మన్రోవియాలోని వెస్ట్ పాయింట్ అనే మురికివాడను పోలీసులూ సైనికులూ ముళ్లకంచెతో చుట్టుముట్టారు. తెల్లవారి లేచిన జనానికి బయటికి దారి లేదు. లోపల తిండి గింజల ధరలు పెరిగాయి. రాళ్లు పడ్డాయి, తుపాకులు పేలాయి, కాళ్లకు తూటాలు తగిలిన ఒక కుర్రవాడు చనిపోయాడు. పది రోజులకు ప్రభుత్వం కంచె తీసేసింది. ప్రయోగశాలను మోసుకొచ్చిందీ యూనిఫామే, కంచె వేసిందీ యూనిఫామే. కంచె అనుభవం ఉన్నవాడు జ్వరం వస్తే చెప్పుకోడు, దాచుకుంటాడు.

అపోహ: సాయానికి వచ్చిన దళాలతో హాని ఉండదు.

వాస్తవం: 2010 అక్టోబరులో హైతీలో కలరా మొదలైంది ఐక్యరాజ్యసమితి శాంతిదళాల శిబిరం మురుగు ఆర్టిబొనీట్ నదీ వ్యవస్థలో కలవడం వల్లనే. 8 లక్షలకు పైగా జనం జబ్బుపడ్డారు, సుమారు 10 వేలమంది చనిపోయారు. సమితి ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పడానికి 2016 డిసెంబరు దాకా పట్టింది. దళాన్ని పంపేముందు మలపరీక్షలు, దిగిన రోజే మరుగుదొడ్ల ఏర్పాటు జరిగాయా అన్న ప్రశ్నకు అప్పటి నుంచి నా జాబితాలో మొదటి చోటు ఇచ్చాను.

అపోహ: సైనిక వైద్యులు ముందు తమవారినే చూస్తారు.

వాస్తవం: గాయపడినవారి వరుసను వైద్య అవసరమే నిర్ణయించాలని 1949 జెనీవా ఒప్పందం చెబుతుంది, శత్రుసైనికుడికీ ఇదే వర్తిస్తుంది. ఆచరణలో తప్పే సందర్భాలున్నాయి, కానీ అవి ఉల్లంఘనలే తప్ప ఆనవాయితీ కాదు.

అపోహ: క్రమశిక్షణ ఉంది కాబట్టి పగ్గాలు సైన్యానికే ఇవ్వాలి.

వాస్తవం: విపత్తుల్లో విదేశీ సైనిక వనరుల వాడకంపై 1994లో వచ్చిన ఓస్లో మార్గదర్శకాల ప్రకారం, పౌర యంత్రాంగం వద్ద ప్రత్యామ్నాయం లేనప్పుడే సైన్యాన్ని పిలవాలి, పనికి అజమాయిషీ పౌరులదే అయి ఉండాలి. ఇది సైన్యం మీద అనుమానంతో పెట్టిన నిబంధన కాదు. ఆజ్ఞ వస్తే సైన్యం మర్నాడే వెళ్లిపోతుంది. ఆ ఊరి ఆసుపత్రి అక్కడే ఉంటుంది. ఒకసారి మేము గుడారాలు విప్పుకొని బయలుదేరుతుంటే, స్థానిక నర్సు మా జనరేటర్ పక్కన నిలబడి, టీకాల ఫ్రిజ్‌ను రేపటి నుంచి దేనితో నడపాలని అడిగింది. మా ప్రణాళికలో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

అపోహ: సాయపడాలంటే సైన్యం ఏదో ఒకటి చేయాలి.

వాస్తవం: 1985లో ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం సాగుతుండగా, యునిసెఫ్, చర్చి మధ్యవర్తిత్వంతో ప్రభుత్వ సైన్యమూ గెరిల్లాలూ ఆ ఏడాది మూడు రోజులు కాల్పులు ఆపారు. ఆ మూడు రోజుల్లో పిల్లలకు టీకాలు వేశారు.