విజువల్ నావెల్ గేమ్‌ల మార్కెట్ రీసెర్చ్: అపోహలు - వాస్తవాలు

చిన్న గేమ్ స్టూడియోలకు కథలు రాస్తాను. రాసే ముందు ఆ కథను చదివేవాళ్లు ఎక్కడున్నారో వెతకడం కూడా నా పనే. విజువల్ నావెల్ అంటే బొమ్మలు, సంగీతం తోడుగా తెర మీద చదువుకునే కథ. మధ్యమధ్యలో దాని మలుపులు మనమే ఎంచుకుంటాం. రెన్‌పై అనే ఉచిత ఇంజిన్ (ఇలాంటి గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) 2004 నుంచి ఉంది కాబట్టి ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒక గేమ్ పూర్తి చేయగలరు. అలా రెండేళ్లు కష్టపడబోయేవాళ్లు మార్కెట్ గురించి తప్పుడు లెక్కలు వేసుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. ఎక్కువగా వినిపించే అపోహలు ఇవి.

అపోహ: ఇప్పుడు ఏది బాగా ఆడుతోందో చూసి అదే చేయాలి

'డోకి డోకి లిటరేచర్ క్లబ్' 2017 సెప్టెంబరులో ఉచితంగా విడుదలైంది. స్కూలు ప్రేమకథలా మొదలై భయపెట్టే కథగా మారుతుంది. దాన్ని చూసి, తీయగా మొదలై భయంగా మారే కథలు చాలామంది చేశారు. కానీ ఆ ఆశ్చర్యం ఒక్కసారే పనిచేస్తుంది. రెండో గేమ్ తెరిచేసరికి పాఠకుడు ఆ మలుపు కోసం ముందే కాచుకుని ఉంటాడు.

అయితే విజువల్ నావెల్‌లో భయం అమ్ముడుపోదని కాదు. జపాన్‌లో 'హిగురాషి' 2002 నుంచి భాగాలు భాగాలుగా వచ్చింది. కెనడాకు చెందిన బ్లాక్ ట్యాబీ గేమ్స్ 2023లో 'స్లే ద ప్రిన్సెస్' తెచ్చింది. ఇరవై ఏళ్ల తేడాతో, పూర్తిగా వేర్వేరు పద్ధతుల్లో వచ్చిన ఈ రెండింటికీ జనం ఉన్నారు. అంటే భయానక కథల మీద ఆసక్తి స్థిరంగా ఉంది, ఒక ఫలానా ట్రిక్కు మీద ఆసక్తి మాత్రం త్వరగా చల్లారిపోయింది. ట్రెండ్ రీసెర్చ్‌లో అసలు పని ఈ రెండింటినీ విడదీసి చూడడమే.

నేను చేసే పద్ధతి చెబుతాను. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో గేమ్ రకాన్ని చెప్పే ఒక ట్యాగ్ తీసుకుని దాని కింద వచ్చిన గేమ్‌లను ఏడాదివారీగా రాసుకుంటాను. పైనున్న సూపర్‌హిట్లను పక్కన పెట్టి మధ్య వరసలో ఉన్నవాటిని చూస్తాను. పేరున్న పబ్లిషర్ లేని గేమ్‌లకు కూడా ప్రతి ఏడాదీ ఓ మోస్తరు రివ్యూలు వస్తుంటే అక్కడ నిలకడైన పాఠకులు ఉన్నట్టు. ఒకే ఏడాది ఒకే గేమ్ మెరిసి, మిగతావన్నీ చప్పబడిపోతే నేను దాని జోలికి వెళ్లమని చెప్పను. ట్యాగులతో కాస్త జాగ్రత్త అవసరం. స్టీమ్‌లో వాటిని ఆడేవాళ్లు కూడా తగిలిస్తారు, కాబట్టి 'విజువల్ నావెల్' కింద డేటింగ్ గేమ్‌లు, డిటెక్టివ్ గేమ్‌లు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఆ మొత్తానికి సగటు తీస్తే ఏమీ తెలియదు.

అపోహ: రివ్యూల సంఖ్యను 50తో గుణిస్తే అమ్మకాలు తెలిసిపోతాయి

ఒకప్పుడు స్టీమ్‌స్పై అనే సైట్ యూజర్ల ప్రొఫైళ్లను బట్టి అమ్మకాలను అంచనా వేసేది. 2018 ఏప్రిల్‌లో స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ ప్రైవసీ సెట్టింగులు మార్చడంతో ఆ దారి మూసుకుపోయింది. దాంతో రివ్యూలను గుణించే లెక్కే అందరికీ దిక్కైంది. స్టీమ్ తానే రివ్యూ రాయమని అడగడం మొదలుపెట్టాక ఆ గుణకం కూడా తగ్గింది. పాత గేమ్‌కీ కొత్త గేమ్‌కీ ఒకే అంకె వాడడం తప్పు. ఉచిత గేమ్‌కైతే ఈ లెక్క అసలే పనికిరాదు.

కాపీల సంఖ్య సరిగ్గానే వచ్చిందనుకుందాం. ఉదాహరణకు 400 రివ్యూలు, గుణకం 30, మొత్తం 12,000 కాపీలు. ధర 10 డాలర్లు కాబట్టి లక్షా 20 వేల డాలర్లు వచ్చాయని సంబరపడతారు. కానీ చాలా కాపీలు సేల్‌లో పోతాయి. మన దేశం లాంటి చోట్ల ధరే తక్కువ పెడతారు. సగటున 5 డాలర్లు పడిందనుకుంటే 60,000. రీఫండ్లు, పన్నులు కలిపి 15 శాతం తీస్తే 51,000. అందులో స్టీమ్ వాటా 30 శాతం పోగా చేతికొచ్చేది 35,700. ఆర్టిస్టుకు, సంగీతానికి, అనువాదానికి ఇవ్వాల్సింది ఇందులోంచే. బడ్జెట్ ఈ చివరి అంకెను చూసి వేయాలి.

నిజానికి రివ్యూల సంఖ్య కంటే వాటిలోని మాటల్లోనే సరుకుంది. భాషవారీగా విడదీసి చదవండి. సరళీకృత చైనీస్ రివ్యూలు ఎక్కువగా ఉంటే మొదటి అనువాదం దేనికి చేయాలో తెలుస్తుంది. "బాగుంది కానీ" అని మొదలయ్యే రివ్యూలను వేరుగా తీసి పెట్టుకోండి. ఎంపికలకు ఫలితం లేదని, రెండో సగం హడావుడిగా ముగించారని పదే పదే కనిపిస్తే అది మీరు పూడ్చగల ఖాళీ.

అపోహ: స్టీమ్ చూస్తే మార్కెట్ మొత్తం చూసినట్టే

అమ్మాయిల కోసం రాసే ఓటోమే గేమ్‌ల చరిత్ర 1994లో జపాన్‌లో వచ్చిన 'ఏంజెలిక్'తో మొదలవుతుంది. ఆ పాఠకులు ప్లేస్టేషన్ వీటా అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం మీద చాలాకాలం ఉండి, తర్వాత అలాంటిదే అయిన నింటెండో స్విచ్‌కి తరలివెళ్లారు. కొరియా గేమ్ 'మిస్టిక్ మెసెంజర్' 2016లో ఫోన్‌లోకే వచ్చింది. పాత్రలు చాట్ మెసేజ్‌లు పెడతాయి, ఫోన్లు చేస్తాయి. ఇలాంటివాటి పాఠకులు స్టీమ్ లెక్కల్లో కనిపించరు. అది చూసి "ప్రేమకథలకు గిరాకీ లేదు" అని తేల్చేస్తే పెద్ద పాఠకవర్గాన్ని వదులుకున్నట్టే. వీఎన్‌డీబీ అనే విజువల్ నావెల్‌ల డేటాబేస్‌లో ప్లాట్‌ఫాం, భాష, నిడివి వారీగా వెతకొచ్చు. అది చాలా మంచి వనరు. అక్కడ ఓట్లు వేసేది వీరాభిమానులని మాత్రం గుర్తుంచుకోవాలి.

అపోహ: తెలుగువాళ్లు 8 కోట్ల మంది, ఒక్క శాతం కొన్నా 8 లక్షల కాపీలు

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకే. కానీ వాళ్లందరూ గేమ్‌లు ఆడరు. ఆడేవాళ్లలో కథను తెలుగు లిపిలో చదివేవాళ్లు కొందరు. వాళ్లలోనూ డబ్బు పెట్టేవాళ్లు ఇంకా తక్కువ. ఆ ఒక్క శాతానికి ఆధారం ఏమీ లేదు. అలాగని "మనవాళ్లు చదవరు" అనడానికీ ఆధారం లేదు. ప్రతిలిపి అనే కథల యాప్‌లో తెలుగు సీరియల్ కథల కింద చదివినవాళ్ల సంఖ్య, సమీక్షలు అందరికీ కనిపిస్తాయి. ఏ రకం కథకు "తర్వాతి భాగం ఎప్పుడు" అని అడుగుతున్నారో అక్కడ చూడండి. రెన్‌పై కొత్త వెర్షన్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు చక్కగా పడతాయి. మొదటి అధ్యాయం మాత్రమే చేసి, బ్రౌజర్‌లో ఆడేలా ఇచ్.ఐఓ అనే గేమ్‌ల సైట్‌లో పెట్టి, మిమ్మల్ని ఎరగని పాఠకులకు లింకు పంపండి. ఎంతమంది చివరిదాకా చదివారో, ఎక్కడ ఆపేశారో అడిగి రాసుకోండి. రెండో అధ్యాయానికి ఖర్చు పెట్టాలో లేదో ఆ కాగితం చూసి నిర్ణయించుకోండి.