విరిగిన బోల్టు గురించి మనవలకు

చిన్నా, బుజ్జీ,

బండి ఇంజన్ పక్క కవర్ విప్పుతుంటే బోల్టు తల ఊడి చేతికొచ్చేసిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీరిద్దరూ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదట. అది మీ తప్పు కాదు. ఆ బండి విజయనగరం రాక ముందు ఎనిమిదేళ్లు కళింగపట్నంలో నా వాకిట్లోనే నిలబడింది. ఆ సముద్రపు గాలే దాన్ని పట్టేసింది.

కవర్ కూర్చునే కేసింగ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. ఉప్పు తేమ మధ్యలో చేరిందంటే ఆ రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అల్యూమినియం కొద్దికొద్దిగా కరిగి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొడికి లోహం కంటే ఎక్కువ చోటు కావాలి, కాబట్టి బోల్టు మరల సందుల్లో గట్టిగా ఇరుక్కుపోతుంది. 10 నంబర్ పానా పట్టే ఆ 6 మిల్లీమీటర్ల బోల్టు మామూలుగా బిగించేది ఎంతనుకున్నారు? పావు మీటరు పానా చివర 4 కిలోల బరువు వేలాడదీసినంత, అంతే. పట్టేసిన దాన్ని బలంతో తిప్పితే తల తెగకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు ఆయిల్ తీసేసి, మిగతా బోల్టులన్నీ విప్పి కవర్ లాగండి. తల దగ్గరే తెగింది కాబట్టి కవర్ మందమంత ముక్క బయటికి నిలబడి కనిపిస్తుంది. అది మన అదృష్టం. దాని మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, చిన్న సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేసి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు మళ్లీ కొట్టండి. ఈ ఎదురుచూపే అసలు పని, పిల్లలూ. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లందరూ ఇక్కడే తొందరపడేవారు.

తర్వాత వేడి. ఇది మీ నాన్నే చేయాలి. స్ప్రే తుడిచేసి, పెట్రోల్ ట్యాంకు దూరంగా పెట్టి, ఆరుబయట హీట్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చేయమనండి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. అప్పుడు గ్రిప్ ప్లయర్‌తో ముక్కను పట్టుకుని కొంచెం ఇటు, కొంచెం అటు కదపండి. ఒకే వైపు లాగితే మళ్లీ తెగుతుంది.

లోపలికి తెగితే మాత్రం ఈజీ అవుట్ జోలికి పోకండి, అదే, విరిగిన బోల్టుకి రంధ్రం చేసి అందులో దింపి వెనక్కి తిప్పే పనిముట్టు. ఒకసారి నా చేతిలోనే అది బోల్టు లోపల విరిగిపోయింది. అది చాలా గట్టి ఉక్కు, మామూలు డ్రిల్ బిట్టు దాని మీద జారిపోతుంది తప్ప దిగదు. ఆ కస్టమర్ బండి కేసింగ్ మొత్తం విప్పి లేత్ షాపుకి మోయాల్సి వచ్చింది. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. దానికంటే వెల్డింగ్ షాపులో ముక్క మీద నట్టు అతికించుకోవడం మేలు. ఆ వేడికే సగం వదులవుతుంది. ముందు బ్యాటరీ వైర్లు తీయించండి.

ముక్క వచ్చాక రంధ్రంలో 6 మిల్లీమీటర్ల ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) చేత్తో తిప్పి పొడి అంతా తీసేయండి. కొత్త బోల్టు మరలకు, మళ్లీ పట్టేయకుండా, యాంటీ సీజ్ పేస్టు పలచగా రాయండి, ఎప్పుడైనా విప్పాల్సి వస్తే మీ పిల్లలకైనా సులువుగా వస్తుంది. నా ట్యాప్‌ల డబ్బా శనివారం బస్సుకి తెస్తాను. కవర్ తీశాక అంతవరకూ ఆ ముక్కకి స్ప్రే ఒక్కటే కొట్టండి, దాన్ని తిప్పకండి.

మీ తాతయ్య